కళ్లు లేని కాగితం తల

మా మేనత్త బీడీలు చేస్తుంది. తునికాకు కత్తిరించగా మిగిలిన తుక్కును ఆమె పారేయదు. పాత గుడ్డలో మూటగట్టి, బీడీలకు చుట్టే ఎర్రదారంతోనే ముడివేసి ఎదురింటామెకు ఇస్తుంది. ఎదురింటామె తెల్లారి దాంతో నీళ్ల పొయ్యి అంటిస్తుంది. ఎండిన తునికాకు అంటుకున్నంత తొందరగా ఇంకేదీ అంటుకోదు. బదులుగా ఆ ఇంటి నుంచి పచ్చిమిరపకాయలో, మక్క కంకులో, పొలంలో ఏది చేతికొస్తే అది మా అత్త ఇంటికి వస్తుంది. నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఇచ్చిపుచ్చుకోవడం అది. అలాంటి మూటలోంచి ఒకరోజు తలకాయ బయటపడింది.

ఆ తలకాయ నేను చేసిందే.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. అమ్మానాన్నలు సిరిసిల్లలో ఉంటారు. మా ఇంటి ముందుగదిలో బట్ట నేసే సాంచెలు నడుస్తుంటే గోడ మీది క్యాలెండరు కూడా వణుకుతుంది. అలాంటి చోట కాగితంతో బొమ్మ చేయడమంటే కదులుతున్న బండిలో కూర్చుని ముగ్గు వేయడమే. అందుకని సెలవులు దొరికితే సిరిసిల్లకు కాకుండా అత్త దగ్గరికి పోయేదాన్ని. కోరుట్లకూ మెట్‌పల్లికీ మధ్య, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది ఆమె ఊరు. అక్కడ గాలి కూడా మెల్లగా వీస్తుంది.

నాకు యానిమే పిచ్చి. మా నాన్న దృష్టిలో అవి "పెద్దపెద్ద కండ్లేసుకొని ఒర్లే పోరగాండ్ల" కార్టూన్లు. ఆ పాత్రలను కాగితంతో చేసుకునే నమూనాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక మనిషి ఒళ్లంతా విప్పి కాగితం మీద పరిచినట్టుంటాయి. ముక్కముక్కకూ ఒక నంబరు. అంచున తెల్లటి రెక్కలు. రెక్కకు బంక రాసి, అదే నంబరున్న ఇంకో అంచుకు అతికించాలి. కొన్ని గీతల దగ్గర లోపలికి మడవాలి, కొన్నిటి దగ్గర బయటికి. మడిచే ముందు ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గీత వెంట నొక్కి గీయాలి, లేకపోతే కాగితం తనకిష్టమైన చోట విరుగుతుంది. చదునుగా పడుకున్న కాగితం వేళ్ల మధ్య బుగ్గగా, మోకాలుగా, జడగా పైకి లేస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని పిల్లచేష్ట అన్న వాళ్లతో నేను మాట మానేసిన సందర్భాలు ఉన్నాయి.

చలి తగ్గుతూ, ఊళ్లో పసుపు ఉడకబెడుతున్న రోజులవి. నేను చేస్తున్నది నీలం జుట్టు పిల్ల. చేతిలో తన ఎత్తును మించిన కత్తి. రంగు ప్రింటు కావాలంటే కోరుట్ల పోవాలి, పాడైతే మళ్లీ పోవాలి. అందుకని నేను ముందు కళ్లూ రంగులూ లేని, ఉత్త గీతలున్న ప్రతితో తల, ఒక చేయి, ఒక కాలు చేసి చూస్తాను. బుగ్గ ఎక్కడ వంకరపోతుందో, నెత్తి ఎక్కడ మూసుకోదో ఆ గుడ్డితల మీదే తెలిసిపోతుంది. ఆరోజు తెల్లబంక అయిపోయింది. మైదాపిండి ఉడకబెట్టి బంక చేశాను. అది తొందరగా పట్టదు కాబట్టి అతికిన చోటల్లా గుండుసూదులు గుచ్చాను, చేతికీ కాలికీ అత్త బీడీదారం బిగించి చుట్టాను. మైదా వాసనకు చీమలు పట్టాయి. అత్త చూసి, ఆ ఊళ్లో ఏ చీమకైనా వేసే మందే వేసింది, గుప్పెడు పసుపు. ఇంత చేసినా తల వంకరగానే వచ్చింది. చిరాకుపడి అన్నిటినీ మూలకు విసిరేశాను.

తెల్లారి నేను ప్రింట్లకోసం కోరుట్ల పోయాక అత్త ఇల్లు ఊడ్చింది. కాగితం ఆకుకంటే బాగా మండుతుంది కదా అని, తుక్కుతో పాటు వాటినీ మూటగట్టి ఎదురింటికి ఇచ్చింది.

ఆ ఇంట్లో అప్పటికి కొన్నాళ్లుగా జ్వరం. ఎదురింటామె బిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి మగపిల్లవాణ్ని కన్నది. ఆ పసివాడికి ఒళ్లు కాలుతోంది, పాలు తాగడంలేదు. ఏమైనా జరిగితే అల్లుడి వాళ్లకు ఏం జవాబు చెప్పాలని తల్లీబిడ్డలిద్దరూ కుమిలిపోతున్నారు. అలాంటి ఇంట్లో, పొయ్యి ముందు కూర్చుని ఆమె మూట విప్పింది. కళ్లు లేని తెల్లటి తల. నిండా సూదులు. ఎర్రదారం బిగించిన చేయి, కాలు. అన్నిటి మీదా పసుపు.

ఆమె స్థానంలో నేనున్నా కేక పెట్టేదాన్నే.

మధ్యాహ్నం నేను రంగు ప్రింట్లు మడత పడకుండా గుండెకు ఆనించుకుని ఆటో దిగాను. మా వాడకట్టులో ఆ వేళకు ప్రతి గడప ముందూ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉంటారు. చేతులకంటే నోళ్లు ఎక్కువ ఆడుతుంటాయి. ఆరోజు ఎవరి గడప ముందూ ఎవరూ లేరు. అందరూ ఎదురింటి గద్దె మీద, అరుగు నిండా ఉన్నారు. నన్ను చూడగానే మాట ఆపేశారు.

అత్త ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మసక చీకట్లోనే ఆమె బీడీలు చుడుతోంది.

"పట్టపగలు తలుపెందుకు ఏసినవ్ అత్తా?"

"నువ్ జేసిన తలకాయ పొయ్యిల పడలే బిడ్డా. ఊరి నోట్లె పడ్డది," అంది.

జరిగింది చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. బీడీకి దారం చుట్టి, ఎప్పటిలాగే పళ్లతో పుటుక్కున తెంపుతోంది.

మా మామ పోయినప్పటి నుంచి అత్త ఒక్కతే. పిల్లలు లేరు. నోరు మాత్రం పదిమందికి సరిపడా ఉంది. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది అని ఆమెకు చెప్పని మనిషి లేడు, ఆమె చేత తిట్లు తినని మనిషీ లేడు. ఒంటరి ఆడది, పెద్ద వయసు, పెద్ద నోరు. మా వైపు బాణామతి చేస్తుందని పేరు పడటానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అలా పేరు పడినవాళ్లను స్తంభానికి కట్టేశారని, మంత్రం పలకకుండా పళ్లు పీకారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతులని అనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం అత్త పళ్లతో దారం తెంపుతుంటే చూడలేకపోయాను.

నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి పోయాను.

"చిన్నమ్మా, గది నాది. నేనే చేసిన. ఆడుకునే బొమ్మ తల. నమ్మకపోతే గివో, ప్రింట్లు జూడు," అని రంగు కాగితాలు ఆమె ముందు పరిచాను.

అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ కాగితాల మీద ఉన్నవేమిటి? ఒకచోట రెండు కళ్లు. ఒకచోట విడిగా అరచేయి. ఒకచోట సగం మొహం. కాళ్లు ఒక పేజీలో, వేళ్లు ఇంకో పేజీలో. ఒకామె వెనక్కి జరిగి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ కాయితాలల్ల సుత చేతులు కాళ్లు ఏరేరుగనే ఉన్నయి గదనే," అంది ఇంకొకామె.

వాడకట్టు పెద్దమనిషి అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పంచాయితీలు చెప్పే మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, అందుకే అందరూ ఆయన మాట వింటారు. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అచ్చినవ్ బిడ్డా. నిన్నెవరన్న అడిగిండ్రా?" అన్నాడు.

ఎదురింటామె ఏడుస్తోంది. ఆమె తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. ఆమె నా చేయి పట్టుకుంది.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నువ్ కాలేజీ పిల్లవు, నీకేమెర్క. మీ అత్తనే నీతోటి చేయించిందో, నీకెర్క లేకుంట చేసిందో. పురుడైన దినాలల్లనే పోరన్ని జూసి, గింత సన్నగున్నడేందే, అచ్చం మీ అల్లుని లెక్కనే అన్నది. గప్పటిసంది వాడు కోలుకుంటలేడు."

అత్త ఆ మాట అన్నది నిజమే. ఆమె ఎవరి పిల్లలను చూసినా ఏదో ఒకటి అంటుంది. నన్ను ఉయ్యాలలో చూసి కాకిపిల్ల అందట.

"దవాఖానకు తోలుకపోయిండ్రా?"

"ఊళ్లె డాక్టరు సూదేసిండు. తగ్గలే. ఇగ గిది సూదులకు తగ్గేది గాదు," అన్నాడు పెద్దమనిషి. ఆ తలను ఊరవతల పాతిపెట్టి, మంత్రగాడికి కబురు పెట్టారట. రేపు పొద్దుగూకేసరికి వస్తాడట. ఎవరు చేశారో అతనే చెబుతాడట.

"గంతదనుక ఎందుకు? రెండు పండ్లూడగొడితే గామెనే చెప్తది," అన్నాడు గోడకు ఆనుకుని నిలబడ్డ ఒకతను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వని వాళ్లు కూడా అతన్ని తప్పుపట్టలేదు.

ఇంటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. వెనక సాంచెల చప్పుడులో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. సాంచె బంద్ చేశాడంటే ఆయన ఎంత భయపడ్డాడో నాకు అర్థమైంది.

"ఉన్న బట్టల మీద ఇద్దరు ఎల్లి అచ్చేయుండ్రి. మీ అత్తకియ్యి ఫోను."

అత్త ఫోన్ తీసుకోలేదు. దూరం నుంచే గట్టిగా చెప్పింది. "ఎల్లిపోతే నేనే చేసిన్నని రాసిచ్చినట్టు తమ్మీ. రాను."

నేను పోలీసులకు ఫోన్ చేస్తానన్నాను. అత్త ఫోన్ నా చేతిలోంచి గుంజుకుని నడుముకు దోపుకుంది. "పోలీసులు అస్తరు, పోతరు. తెల్లారి నేను గా చెల్లె మొకమే జూడాలె," అంది. పాతికేళ్లకు పైగా ఎదురుబొదురుగా తలుపులు తీసుకుని బతికిన మనుషులు వాళ్లు.

మరునాడు పొద్దున అత్త నీళ్లకు పోతే నల్లా దగ్గర మిగతా వాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. నిండు బిందెతో వచ్చి, దించకుండానే కాసేపు వాకిట్లో నిలబడింది. అప్పుడు నిర్ణయించుకున్నాను. మంత్రగాడు రాకముందే, అందరూ చూస్తుండగా, ఎండలో కూర్చుని బొమ్మ మొత్తం చేయాలి. సూది ఎందుకో, దారం ఎందుకో వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి. చూస్తే నమ్ముతారని అప్పటికి నాకు గట్టి నమ్మకం.

అత్త ఇంటి ముందు గద్దె మీద చాప వేశాను. కత్తెర, రీఫిల్, కోరుట్లలో కొన్న కొత్త తెల్లబంక, గుండుసూదులు, బీడీదారం ముందు పెట్టుకున్నాను. కత్తిరించడం మొదలుపెట్టాను. తొందరలో జడ ముక్క అంచు తెగిపోయింది. మళ్లీ కోరుట్ల పోయే వ్యవధి లేదు. తెగిన చోట వెనక నుంచి చిన్న కాగితం అంటించి సరిచేశాను.

ముందు పిల్లలు వచ్చారు. తర్వాత వాళ్లను పిలవడానికన్నట్టు తల్లులు వచ్చారు. నేను తల ఎత్తకుండా మాట్లాడుతూనే ఉన్నాను. "గిది బుగ్గ. బంక ఆరేదాక ఊడొద్దని సూది గుచ్చుతున్న. జూడుండ్రి, ఆరినంక తీసేస్తున్న. గిది చెయ్యి. గుండ్రంగ నిలవాలని దారం చుట్టిన." కూరగాయలు అమ్మేవాళ్లలా అరుస్తున్నానని నాకే అనిపించింది. అయినా ఎవరూ వెళ్లిపోలేదు.

తల మూయడం అన్నిటికంటే కష్టం. ఆఖరి ముక్క పెట్టాక లోపలికి వేలు పోదు. అగ్గిపుల్లతో రెక్కకు బంక రాసి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారే నొక్కాలి. నొక్కాను. పట్టుకుంది. పెద్దపెద్ద కళ్లతో నీలం జుట్టు పిల్ల నా అరచేతిలోంచి అందరినీ చూసింది.

"నీలం ఎంటికలా?" అన్నారెవరో. ఎదురింటి గడపలో పసివాణ్ని ఎత్తుకుని నిలబడ్డ బాలింత ఆమె. నా ఈడుదే. మొహం పీక్కుపోయి ఉంది. ఒక్కక్షణం నవ్వబోయింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒళ్లూ, కాళ్లూ, చేతులూ, కత్తీ అతికించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బొమ్మను గద్దె అంచున నిలబెట్టాను. నిలబడింది. ఎప్పుడో వచ్చి ఎదురుగా కుర్చీ వేయించుకున్న పెద్దమనిషి వంగి చూశాడు. ఎదురింటామె కూడా వచ్చి చూసింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా. బొమ్మనే కావచ్చు," అంది. నేను లేవబోయాను. "అయితే కాల్చెయ్. నా కండ్ల ముంగట కాల్చెయ్. నా పానం నిమ్మలమైతది."

"గంతే. కాల్చేస్తే అయిపాయె. మంత్రగాన్ని సుత రావద్దంట," అన్నాడు పెద్దమనిషి. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఎవరో అగ్గిపెట్టె తెచ్చి బొమ్మ పక్కన పెట్టారు.

ఎంత సుళువుగా తేల్చేశారు! కాలిస్తే అది బాణామతి బొమ్మేనని, తీసేశాం కాబట్టి పీడ పోయిందని ఊరంతా అనుకుంటుంది. పిల్లవాడికి తగ్గితే మా అత్త చేసినట్టే, తగ్గకపోతే ఇంకో బొమ్మ ఎక్కడో దాచినట్టే. అదొక్కటే కాదు. అంత కష్టపడి చేసిన పిల్లను నా చేత్తో కాల్చడం నాకు ఇష్టంలేదు. రెండూ నిజమే.

"కాల్చను," అన్నాను.

"ఒక కాయితం బొమ్మ కోసం మీ అత్త పానం మీదికి తెస్తవా?" అన్నాడు పెద్దమనిషి, ఎప్పటిలాగే నెమ్మదిగా.

నిన్న పళ్లూడగొడదామన్నతను ఇవాళ మా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా చేయి అగ్గిపెట్టె వైపు పోయింది కూడా.

అప్పుడు అత్త లోపలి నుంచి వచ్చింది. పొద్దటి నుంచీ గడపలోపల కూర్చుని బీడీలు చుడుతూనే ఉంది. చాట కింద పెట్టి, ఆకు తుక్కు దులుపుకుని, గద్దె మీద నా పక్కన నిలబడింది. కొప్పు విప్పింది. నాలుగు నెరిసిన వెంట్రుకలు పట్టి పుటుక్కున తెంపింది. వాటిని బొమ్మ మెడకు చుట్టి, బీడీకి వేసే ముడి వేసింది.

"గిప్పుడు గిది నేను," అంది. చాప మీది గుండుసూది ఒకటి తీసి పెద్దమనిషి ముందుకు చాపింది. "మీకు నమ్మకమున్నది గద. గుచ్చుండ్రి."

ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

అత్త గోడ వైపు తిరిగింది. "పండ్లూడగొడ్తనన్నవ్ గదరా. సూది బట్టనీకి భయమైతదా?" అతను నేల చూపులు చూశాడు. తర్వాత ఎదురింటామె వైపు తిరిగింది. అప్పుడు గొంతు మారింది. "నువ్వన్న గుచ్చు చెల్లే. నేను నీ మనుమనికి గట్ల చేసిన్ననే నీకు అనిపిస్తే, గుచ్చు."

ఎదురింటామె రెండు చేతులూ కొంగులో దాచుకుంది. తల అడ్డంగా ఊపుతోంది. ఏడుస్తోంది.

చుట్టూ అంతమంది ఉన్నారు. ఒక్క చేయి కూడా సూది వైపు రాలేదు. పొద్దటి నుంచీ నేను చూపించిన బంక, దారం, మడతలు ఏవీ ఎవరి మనసూ మార్చలేదని అప్పుడు తెలిసింది. వాళ్లు బొమ్మను చూడలేదు. నాలుగు తెల్ల వెంట్రుకలను చూస్తున్నారు.

అత్త నా వైపు తిరిగి సూది నా చేతిలో పెట్టింది.

"నువ్ గుచ్చు బిడ్డా. నీకైతే నమ్మకం లేదు గద."

ఆ పిల్ల ఒంట్లో పొద్దటి నుంచీ ఎన్ని సూదులు గుచ్చానో నాకే తెలియదు. కణతకు గుచ్చాను, మెడకు గుచ్చాను, మాట్లాడుతూ గుచ్చాను. ఇప్పుడు చేయి లేవలేదు. నాకు బాణామతి మీద నమ్మకం లేదు. చదువుకోకముందు కూడా లేదు. కానీ ఆ మెడకు చుట్టి ఉన్నది మా అత్త జుట్టు. నా చిన్నప్పుడు ఆమె ఒడిలో పడుకుని వేళ్లకు చుట్టుకుని ఆడుకున్న జుట్టు. అందరి కళ్లూ నా వేళ్ల మీదే ఉన్నాయి. నేను ఎంతసేపు ఆగితే అంతగా నేనూ నమ్ముతున్నట్టు. నేను వెనక్కి తగ్గితే, దీన్ని తయారుచేసిన పిల్లే భయపడిందని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటారు. ఆ తర్వాత అత్తను కాపాడటం ఎవరి తరమూ కాదు.

గుచ్చాను. ఎడమ భుజానికి. అక్కడ బంక అతికేటప్పుడు పెట్టిన సూది రంధ్రం ఒకటి ముందే ఉంది. చేయి దానంతట అదే దానికోసం వెతుక్కుంది.

ఎవరూ బొమ్మను చూడలేదు. అందరూ అత్తనే చూస్తున్నారు. ఎక్కడ కూలుతుందో, ఎక్కడ అరుస్తుందో అని. ఒక ముసలామె నోరు తెరిచే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, నేనూ అత్తనే చూశాను.

అత్త కొప్పు ముడుచుకుంది. కూర్చుని చాట ఒడిలోకి తీసుకుంది. సగంలో ఆగిన బీడీకి దారం చుట్టి, పళ్లతో తెంపింది. ఆ చిన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"అయ్యిందా?" అంది. "ఇగ పోరన్ని జగిత్యాల దవాఖానకు తోలుకపొండ్రి. నాకు పనున్నది."

ముందు కదిలింది బాలింత. వాకిలి దాటి, అందరి మధ్య నుంచి నడిచొచ్చి, పసివాణ్ని ఎత్తుకునే మా గద్దె మీద, అత్త పక్కన కూర్చుంది. "అవ్వా, ఆటో పిలువు," అని తల్లికి చెప్పింది. ఎదురింటామె పెద్దమనిషి మొహం చూసింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి పక్కకు పోయాడు. మంత్రగాడికే చేశాడట, ఇప్పుడే రావద్దని. "ఇప్పుడే" అన్నాడట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది.

జగిత్యాల నాకు తెలిసిన ఊరు కాబట్టి నేనూ ఆటో ఎక్కాను. దారిపొడుగునా ఆ తల్లి పిల్లవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది. నేను మొక్కని దేవుడు లేడు. పిల్లవాడికి ఏమైనా అయితే మా అత్త గద్దె మీద చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. కొన్నాళ్లు అక్కడే ఉంచుకున్నారు. పాలు తాగడం మొదలుపెట్టాడని తెలిసిన రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. అక్కడి వాళ్లు నాకు ఎవరో పోయారనుకున్నారు.

వాడు ఇప్పుడు పరుగెడతాడు. అత్త ఇంటికొచ్చి చాటలో చేయిపెట్టి ఆకులు చెదరగొట్టి, తిట్లు తింటాడు. అమ్మమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా గద్దె దిగడు. ఎదురింటి నుంచి మిరపకాయలు వస్తూనే ఉన్నాయి. మా అత్త మూటా పోతూనే ఉంది. కానీ ఎదురింటామె ఇప్పుడు ఆ మూటను మా గడప దగ్గరే విప్పి, తుక్కులో వేళ్లు పెట్టి కలిపి చూసి, మళ్లీ ముడివేసి తీసుకుపోతుంది. అత్త అది చూడనట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మొహం మీదే అడగబోతే అత్త నా చేయి నొక్కింది.

ఇప్పుడు అడగను. అడిగే హక్కు నాకు లేదు. ఎందుకంటే ఆ బొమ్మ ఇంకా నా దగ్గరే ఉంది. సూది ఆ సాయంత్రమే తీసేశాను. వెంట్రుకలు తీద్దామంటే ఆ బీడీ ముడి రాలేదు. కత్తిరించడానికి చేయి ఆడలేదు. కాల్చలేను, పారేయలేను, ఎవరికీ ఇవ్వలేను. జగిత్యాల గదిలో ఉన్నప్పుడు పుస్తకాల మీద పెట్టుకున్నాను. ఇప్పుడు సిరిసిల్లలో, సాంచెల అదురుకు కింద పడకుండా, బట్టల మధ్య అల్మారాలో పెట్టుకున్నాను.

అత్తకు ఎడమ భుజం నొప్పి. ఏళ్ల తరబడి చాట ముందు వంగి కూర్చునే వాళ్లందరికీ ఉండే నొప్పే. నేను ఆ బొమ్మ చేయకముందు నుంచీ ఉన్నదే. డాక్టరు కూడా అదే అన్నాడు. మొన్న ఫోన్‌లో, మాటల మధ్యలో, "గీ రెక్క గుంజుతనే ఉన్నది బిడ్డా, రాత్రి నిద్రలేదు," అంది. మందు రాసుకొమ్మని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తర్వాత అల్మారా తెరిచి బొమ్మను తీశాను. బంక డబ్బా వెతికాను. గోరంత తెల్ల కాగితం కత్తిరించి, ఎడమ భుజం మీది సూది రంధ్రానికి అతికించి, ఆరేదాకా వేలితో మెత్తగా నొక్కిపట్టుకున్నాను.